విద్యా సిస్టర్ గదిలో పెట్టిన యంత్రం గురించి

రాజురా ఉప విభాగాధికారి గారి సముఖమునకు,

రాసుకొన్నది: మంగతాయి, భర్త పేరు ఆరోన్, కార్మిక కాలనీ, విదర్భశిలా సిమెంటు కర్మాగారం, కోర్పనా తాలూకా, చంద్రపూర్ జిల్లా.

విషయం: మా కర్మాగారంలో రెండో వైద్య యంత్రాన్ని ప్రారంభించడానికి తమరు రాకూడదని, రాక తప్పదంటే ఆ యంత్రం మాకిచ్చే జవాబు పక్కనే నిలబడి వినవలెనని.

అయ్యా,

ఓటర్ల సభకు వచ్చినప్పుడు తమరు మాతో తెలుగులో మాట్లాడినారు. మాది ఆదిలాబాద్ పక్కనే అన్నారు. ఆ ధైర్యంతో ఈ అర్జీ తెలుగులో రాస్తున్నాను. నేను బడిలో చదివింది మరాఠీ. తెలుగు అక్షరాలు చర్చిలో నేర్చుకున్నవి. తప్పులుంటే దిద్దుకొని చదవండి. కోపం మాత్రం దిద్దవద్దు.

1. మా కాలనీ దవాఖానాలో విద్యా సిస్టర్ అనే నర్సు ఉండేది. ఆమె మరాఠీ మనిషి. అయినా మా తెలుగువాళ్ళు ఎవరైనా వచ్చి "గాబరైతుంది" అంటే, ఇంకో మాట అడగకుండా ముందు చొక్కా గుండీలు విప్పి గుండె చూసేది. దవాఖానాకు ఒక అంబులెన్సు, దానికొక డ్రైవరు కూడా ఉండేవారు. ఇప్పుడు సిస్టర్ లేదు, డ్రైవరు లేడు. బండి షెడ్డులో సిమెంటు దుమ్ము పట్టి నిలబడి ఉంది.

2. ఇట్లా ఎందుకైందో కూడా మనవి చేస్తాను. పోయిన ఎండాకాలం కంపెనీ వారు మాకొక సభ పెట్టారు. పుణె నుంచి డిజిటల్ విభాగం మేనేజరు రాకేష్ గారు వచ్చి తెర మీద నాలుగు గడులు చూపించారు. వెంటనే చేయవలసినవి, తర్వాత చేయవలసినవి, ఆలోచించవలసినవి, వదిలేయవలసినవి. పెట్టుబడి దేని మీద పెడితే కంపెనీకి ఎక్కువ డిజిటల్ విలువ వస్తుందో తేల్చి ఈ గడులు నింపామన్నారు. రోగం విని మందు చెప్పే యంత్రం మొదటి గడిలో ఉంది. నర్సు ఉద్యోగం, డ్రైవరు ఉద్యోగం చివరి గడిలో ఉన్నాయి.

కాలనీ ఆడవాళ్ళ తరఫున నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు కాబట్టి లేచి అడిగాను. "సాబ్, సిస్టర్ ఉంటే మన్షి బతుకుతడు. అది విలువ గాదా?"

ఆయన నవ్వి హిందీలో చెప్పారు. "తాయీ, సిస్టర్ చేసిన పని కంప్యూటర్‌లో ఎక్కడా కనబడదు. యంత్రం చేసే ప్రతి పనీ పుణె ఆఫీసులో కనబడుతుంది. కనబడనిదానికి విలువ ఎట్లా కట్టమంటారు?"

తర్వాత మంచి వైద్యం కావలసినవాళ్ళు చేతులెత్తండి అన్నారు. మంచి వైద్యం వద్దని ఎవరు కూర్చుంటారు? అందరం ఎత్తాం. కాలనీవాసులు ఏకగ్రీవంగా యంత్రాన్నే కోరుకున్నారని మరునాడు నోటీసు బోర్డు మీద పెట్టారు. ఇది మోసం కాకపోతే మోసం అనే మాటకు అర్థమేమిటో తమరే చెప్పండి.

3. నా భర్త ఆరోన్ ప్యాకింగ్ ప్లాంటులో సిమెంటు బస్తాలు లారీల్లోకి ఎక్కించే పనివాడు. చలికాలం మొదట్లో ఒకరోజు మధ్యాహ్నం పని మధ్యలోనే ఇంటికొచ్చి గడప మీద కూర్చున్నాడు.

"ఏందయ్యా, గట్ల కూసున్నవ్?" అన్నాను.

"పాణం గాబరైతుందే మంగా. ఎడమ రెక్క గుంజుతుంది."

ఆ చలిలో ఆయన చొక్కా తడిసి ఒంటికి అంటుకొని ఉంది. భుజం కింద చెయ్యి వేసి దవాఖానాకు నడిపించుకొని పోయాను. సిస్టర్ కుర్చీ ఉండే చోట మనిషంత ఎత్తున యంత్రం ఉంది. జనానికి మీటలు చూపించడానికి సెక్యూరిటీ గార్డు సీతారాం ఉన్నాడు. ఇంకెవరూ లేరు.

ఆ యంత్రానికి మరాఠీ, హిందీ, ఇంగ్లీషు వచ్చును. తెలుగు రాదు. నా భర్త చెప్పిందే చెబుతుంటే "స్పష్టంగా మాట్లాడండి" అని అదీ చెప్పిందే చెప్పింది. ఊపిరందని మనిషిని స్పష్టంగా మాట్లాడమనడం! నేను హిందీ మీట నొక్కాను. ఆయన కష్టం మీద "ఘబ్రాహట్" అన్నాడు. ఆ ఒక్క మాట దానికి దొరికింది. నిద్ర పడుతోందా, ఇంట్లో గొడవలున్నాయా, పై అధికారి అంటే భయమా అని అడుగుతూ పోయింది. చెయ్యి గుంజుతోందని నేను అరిచినా వినలేదు, అప్పుడు దానిది అడిగే వంతే గానీ వినే వంతు కాదట. చివరికి మానసిక ఆందోళన అని తీర్పు చెప్పి తెర మీద సముద్రం చూపించింది. నెమ్మదిగా ఊపిరి పీల్చండి, బిగపట్టండి, వదలండి అని ఒక అమ్మాయి గొంతు.

అయ్యా, నా భర్త చెప్పిన మాట వినే మనిషి. రొమ్ము పట్టుకొని, ఆ సముద్రం వైపు చూస్తూ ఊపిరి బిగపట్టాడు. వదలమని అది చెప్పేదాకా వదలలేదు. నేను ఆ గొంతును పిసికేద్దామని చూశాను. పిసకడానికి గొంతెక్కడుంది?

"వదినా, గిది గుండె నొప్పే. మా నాయన గిట్లనే పోయిండు. బండి మీట నొక్కు!" అన్నాడు సీతారాం.

బండి మీట, అంటే అంబులెన్సును పిలిచే మీట, కనబడాలంటే ముందు యంత్రం సేవకు నక్షత్రాలు ఇయ్యాలి. ఒకటే ఇచ్చాను. అసంతృప్తికి కారణమేమిటని అడిగింది. తెర చిన్నది, శబ్దం తక్కువ, గదిలో వెలుతురు లేదు అని మూడు కారణాలు చూపించింది. 'మనిషి చస్తున్నాడు' అనే కారణం అందులో లేదు. వెలుతురు లేదని నొక్కాను. అప్పుడు ఎర్ర మీట వచ్చింది. అది నొక్కితే, తమ కోరిక పుణె ఆఫీసులో నమోదైంది, ధన్యవాదాలు అంది.

సీతారాం గేటు దాకా ఉరికి కూరగాయల టెంపో ఒకటి ఆపాడు. గోబీ బస్తాల మీద నా భర్తను పడుకోబెట్టి, తల తన ఒళ్ళో పెట్టుకొని, "అన్నా, కండ్లు మూయకు, నా దిక్కు చూడు" అంటూ గడ్‌చాందూర్ దాకా వచ్చాడు. అక్కడి డాక్టరు గోలీ నమిలించి, సూది వేసి, చంద్రపూర్ పంపించాడు. గుండె నరంలో స్ప్రింగు వేశారు. బతికాడు. బస్తా మాత్రం ఇక ఎత్తలేడు.

4. సీతారాంను పని నుంచి తీసేశారు. కారణం: యంత్రాన్ని ఒంటరిగా వదిలి వెళ్ళినందుకు. తమాషాకు చెప్పడం లేదు, అదే మాట రాసి ఇచ్చారు.

5. నా భర్త ఆసుపత్రి నుంచి ఇల్లు చేరిన వారానికి రాకేష్ గారు ఆపిల్ పండ్ల బుట్టతో, కెమెరా మనిషితో మా ఇంటికి వచ్చారు. పుణె ఆఫీసులో నా భర్త పేరు 'సకాలంలో సేవ పొందిన రోగులు' అనే వరుసలో చేరిందట. "ఆరోన్ భావూ, రెండే ముక్కలు చెప్పండి. యంత్రం దగ్గరికి వెళ్ళాను, ఈరోజు బతికి ఉన్నాను. రెండూ నిజమే కదా!" అన్నారు.

నా భర్త నా మొహం చూశాడు. ఆయనకు తేలిక పని ఇస్తామని కంపెనీ వారు అంతకుముందే ఆశ పెట్టి ఉన్నారు. నేను బుట్ట తీసి గడప అవతల పెట్టాను.

"కెమెరా బంద్ చేయించు సాబ్. మా ఆయన్ని బతికించింది గోబీల టెంపో. పోయి దాని ఫోటో తీస్కో."

ఆయనకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. మీ సూచన విలువైనది, రెండో యంత్రానికి తెలుగు కూడా నేర్పిస్తున్నాం అన్నారు. దాన్నే వచ్చే బుధవారం ప్యాకింగ్ ప్లాంటు ముందర తమరి చేత మీట నొక్కించి ప్రారంభిస్తారట.

6. కావున నేను కోరునది. యంత్రాన్ని పగలగొట్టమని అనడం లేదు. ఒక మూలకు ఉండనివ్వండి, జలుబుకు వాడుకుంటాం. ఆ నాలుగు గడులు మాత్రం చెరిపించి, ఈసారి మా ముందర నింపించండి. సిస్టర్‌ను, డ్రైవరును మొదటి గడిలో పెట్టించండి. సీతారాంను పనిలోకి తీసుకోమనండి. అంతవరకు ఆ మీట మీద తమరు వేలు పెట్టవద్దు. పెట్టేటట్లయితే కాలనీ ఆడవాళ్ళమందరం అక్కడికి వస్తాం. ఒక్కొక్కరం యంత్రం ముందర నిలబడి ఎడమ రెక్క గుంజుతుందని చెబుతాం. అది ఏం జవాబిస్తుందో తమరు పక్కనే నిలబడి వినండి.

ఇదంతా తమరు చిత్తగించవలెను. కంపెనీ వారు చిత్తగిస్తారన్న ఆశ నాకు లేదు.

తమ విధేయురాలు,
మంగతాయి

తా.క.: పైన 'విధేయురాలు' అన్న మాట మీద గీత కనబడుతుంది. అది గీసింది నేను కాదు. ఈ అర్జీ సంగతి ఎత్తినప్పటి నుంచీ నా భర్త వద్దే వద్దన్నాడు, ఇల్లు ఖాళీ చేయిస్తారని. ఈరోజు మొత్తం చదివి వినిపించాను. తర్వాత పెన్ను అడిగి తీసుకొని ఆ మాట కొట్టేశాడు. "ఏం జేస్తున్నవయ్యా, సర్కారు కాయితం అది" అన్నాను. "ఇగ చాలు. గట్లనే పంపు" అన్నాడు. నేను వేరే కాగితం మీద శుభ్రంగా మళ్ళీ రాద్దామనుకున్నాను. రాయలేదు. కింద వంకరగా ఉన్న సంతకం ఆయనదే.

ఆరోన్