ఎడమచేతి పడవ

మార్చి 11
ఇవాళ తను పోయింది.
పొద్దున అర గ్లాసు పాలు తాగింది. తన కోసం నేను గీసిన పడవ డ్రాయింగ్ చూపించమంది. చిన్న ప్లైవుడ్ పడవ, ఒకే తెరచాప. చూడ్డానికి మాత్రం పాతకాలపు చెక్కపడవలా ఉండాలని తన కోరిక. పక్కలు బాగా కుదిరాయంది. మందులకని కిందికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి మంచం పక్కన తన తమ్ముడు, నా బావమరిది. ఇద్దరూ నవ్వుతున్నారు. ఆయాసపడుతూ కూడా నవ్వుతోంది. ఏంటని అడిగితే, నీళ్ల సంగతి, మీకు తెలీదులెండి అంది. తర్వాత పడుకుంది. మళ్లీ లేవలేదు.
ఆఖరి నవ్వు వాడికి దక్కింది.

ఏప్రిల్ 2
డ్రాయింగ్ మళ్లీ బయటికి తీశాను. ఇళ్లు గీసి బతికినవాణ్ని. పడవ ఎంత.

ఏప్రిల్ 19
పని బావమరిది షెడ్డులో. పడవలు బాగుచేయడమే వాడి వృత్తి. ప్లైవుడ్ పక్కల మీద సన్నటి బద్దలు అంటిస్తున్నాను. దూరం నుంచి పలక మీద పలక పేర్చినట్టు కనిపిస్తుంది. నూనూగు మీసాలవాడికి తెల్లగడ్డం పెట్టినట్టుంది బావా అన్నాడు. నేను నవ్వలేదు. తనుంటే నవ్వేది. అదే నా మంట.

ఏప్రిల్ 20
షెడ్డు గోడ మీద ఫోటో. జడలేసుకున్న తను, నిక్కరేసుకున్న వాడు, ఒకే పడవలో. నాకు నీళ్లంటే భయం. పెళ్లయ్యాక కూడా తను వాడితోనే వెళ్లేది. నేను గట్టున కూర్చుని ఇద్దరి చెప్పులకూ కాపలా కాసేవాణ్ని.

మే 6
వాడు అక్క అన్నప్పుడల్లా ఒళ్లు మండుతోంది. పోయిన మనిషి కోసం పోటీ ఏంటని సిగ్గేస్తుంది. అయినా మండుతోంది.

మే 14
తెరచాప తాడు బిగించే క్లీట్ డ్రాయింగ్‌లో ఉన్నట్టే ఎడమవైపు పెట్టాను. తనది ఎడమచేతి వాటం. ఇంట్లో కుళాయి, కత్తెర, అలమర గడియ, అన్నీ ఆ చేతికే అమర్చాను. ఇలాంటివి వాడికి తట్టవు. ఇందులో మాత్రం నాదే పైచేయి.

మే 15
కుడివైపుదేదీ అన్నాడు. మీ అక్క ఎడమచేతి మనిషి కదరా అన్నాను, కాస్త గర్వంగానే.
వాడు చెయ్యి తుడుచుకున్నాడు. పడవలో ఆ లెక్క లేదు బావా అన్నాడు. గాలి మారితే మనిషి ఈ పక్కనుంచి ఆ పక్కకు జరగాలట. చుక్కాని పట్టే చెయ్యి, తాడు పట్టే చెయ్యి తారుమారవుతాయట. అక్క కుడిచేత్తో కూడా అంతే బాగా నడిపేదట.
ఇన్నేళ్ల కాపురం. ఆ కుడిచెయ్యి నాకు తెలీదు.
ఆ రోజు నవ్వింది దానికేనట. మీ బావ అంతా నా ఎడమచేతికే గీశారు, దిద్దకురా అందట. నీళ్లలోకి దించేముందు చెప్పక తప్పలేదు, ఏమీ అనుకోకు అన్నాడు.
అంటే నా మీదే నవ్వారు. నేను లేకుండా.

మే 16
షెడ్డుకు వెళ్లలేదు. కుడిచేత్తో తాళం తీశాను, కుడిచేత్తో దీపం వేశాను. ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను.

మే 17
రేపు పొద్దున కుడివైపు కూడా క్లీట్ బిగిస్తాను. ఎడమది తీయను. నీళ్లలోకి దించాక పడవను గట్టుకు కట్టే ఉంచమని వాడితో అన్నాను. చుక్కాని దగ్గర కూర్చుంటాను. చెప్పులు వాడు చూసుకుంటాడు.