రన్‌వే పక్కన ఇల్లు

ఓడ మీదున్న శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ అత్తయ్యా నేనూ బాగానే ఉన్నాం. మీ ఇంజన్ గదిలో వేడి కాస్తయినా తగ్గిందా? వేళకింత తింటున్నారా? అత్తయ్య మోకాలి నొప్పి గురించి అడిగారు. మెట్లెక్కేటప్పుడు తప్ప తగ్గినట్టే. "వాడికి రాయి, రాయిలా ఉన్నానని రాయి" అంటున్నారు.

నా విమానం కోసం రన్‌వే పక్కన చూస్తున్న ఇల్లు ఎందుకింకా తేల్చలేదని మూడు ఉత్తరాల నుంచి అడుగుతున్నారు. మొదట చూసినది పల్లంలో ఉంది. పెరట్లోంచే రన్‌వే ఎక్కొచ్చు గానీ, పది దాటితే తప్ప పొగమంచు విడవదు. నెలలో సగం రోజులు విమానాన్ని చూస్తూ టీ తాగడమే. రెండోచోట గాలి ఎప్పుడూ అడ్డంగా కొడుతుంది. నాలా సొంత సరదాకి చిన్న విమానం నడుపుకునేవాళ్లకి అది రోజూ గండమే. మూడోది మీకు బాగా నచ్చింది. పొడుగాటి రన్‌వే, ఇంటిని ఆనుకుని విమానానికి షెడ్డు, కారులో పావుగంట వెళ్తే ఆసుపత్రి. అదుండగా ఇంకా వెతుకుతావెందుకని కోప్పడ్డారు. షెడ్డు తలుపు పక్కకి జరిగేలా బొమ్మ గీసి పంపారు. రెక్కకీ గోడకీ మధ్య మూరెడు చోటు కూడా వదిలారు.

ఆ బొమ్మ చూశాక ఇక దాచడం నా వల్ల కావడం లేదు.

మూడు నెలల కిందట, ఆ ఇంటిని ఒకసారి పైనుంచి చూద్దామని మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. మీరు పొట్టి మేస్త్రీ అంటారే, ఆయనే. మిట్టమధ్యాహ్నం, గాలి కూడా లేదు. కింద ఎర్ర పెంకుల కప్పు కనబడింది. మరుక్షణం చూస్తే కప్పు లేదు, పొలాలున్నాయి. ఐదు వందల అడుగులు కిందికి వచ్చేశాం. విమానం మేస్త్రీ చేతుల్లో ఉంది.

"రెండుసార్లు పిలిచానమ్మా" అన్నాడు. "కళ్లు తెరిచే ఉన్నాయి. మీరు మాత్రం లేరు."

ఆయన విమానం నడపడం ఎప్పుడో సగం నేర్చుకుని మానేశాడు. గాల్లో నిలబెట్టడం వచ్చు, దించడం రాదు. దించింది నేనే. దిగేదాకా ఆయన ముందుకు చూడలేదు, నా మొహమే చూశాడు. డాక్టరు దగ్గరికి వెళ్తానని మాట తీసుకున్నాకే కదలనిచ్చాడు.

మూర్ఛలో ఇదొక రకమట. మందులు వాడుతున్నాను. కారు నడపడం గురించి ఏడాది పోయాక చూద్దామన్నారు డాక్టరు. విమానం మాటెత్తితే తల అడ్డంగా ఊపారు. మళ్లీ అడిగితే, "ఆ ఆలోచన మానుకోండమ్మా" అన్నారు. లైసెన్సు నేనే వెళ్లి అప్పగించేశాను. విమానాన్ని ఎవరికైనా ఇచ్చెయ్యమని మేస్త్రీకి చెప్పాను.

మరి ఆ మూడోదాని తర్వాత ఉత్తరాల్లో రాసిన ఇంకో రెండు ఇళ్లో? అవి నేను చూడలేదండీ. కారు లేకుండా ఆ దారిన పోవడమే కుదరదు. వంటింటి కిటికీ, నిమ్మచెట్టు, నసపెట్టే ఇంటాయన, అన్నీ కూర్చుని అల్లినవే. ఇల్లు వెతుకుతున్నానని రాస్తున్నంతసేపూ నేనింకా నడుపుతున్నట్టే ఉండేది. అత్తయ్యతో కారు పాడయిందని చెప్పాను. మీకు అబద్ధం రాస్తుంటే ఎక్కడా ఒక్క కొట్టివేత కూడా పడలేదు, అదే నాకు భయం.

మీ బొమ్మ అందిన మర్నాడే ఆ మూడో ఇల్లు వద్దని కబురు పంపాను. బస్టాండు వెనక కింది వాటా ఒకటి మాట్లాడాను. మందుల షాపు, ఆసుపత్రి, కూరల కొట్టు అన్నీ నడిచిపోయే దూరమే. నిన్న అత్తయ్యని తీసుకెళ్లి చూపించాను. ఆవిడ పడగ్గది కిటికీ తీశారు. ఎదురుగా గోడ.

"మెడ విరుచుకున్నా ఆకాశం కనబడదు కదే. నీకెలాగే ఇక్కడ?" అన్నారు.

"కనబడదనే తీసుకున్నాను అత్తయ్యా" అన్నాను.

ఆవిడ కిటికీ మూసి గడియ పెట్టారు. చాలాసేపు ఆ గడియ మీదనుంచి చెయ్యి తియ్యలేదు.

ఇట్లు,
మీ ఇల్లాలు