కామా పోయిన పాట

సోమవారం మధ్యాహ్నం

ప్రియమైన పిచ్చుకకు,

అక్క దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే ఎవరే, నేనూ నాన్నా, పగలంతా గుయ్యిమనే ఈ పాత కంప్యూటరూ. నువ్వూ క్షేమంగా ఉన్నావనీ, జలుబు చేసిన గొంతుతో పాడటం లేదనీ తలుస్తాను.

నా పని సంగతి అడిగావు. పాటల పుస్తకాలకు స్వరలిపి కూర్చడమే ఇంకా. ఈ కొత్త సాఫ్ట్‌వేర్‌లో గీతలూ చుక్కలూ గీయక్కర్లేదు. ఉత్తరం రాసినట్టు అక్షరాలు టైపు చేస్తే అదే స్వరలిపిగా మార్చి పెడుతుంది. కానీ దాని చాదస్తం దానిది. స్వరాలను కలిపే బ్రాకెట్‌ను మొదటి స్వరానికి ముందు కాదు, తర్వాత తెరవాలట. మొదటి పేజీలో ఒక బ్రాకెట్ మూయడం మరిచిపోతే, చివరిదాకా నోరు మెదపకుండా వచ్చి అక్కడ గగ్గోలు పెడుతుంది. తప్పు ఒకచోట, అరుపు ఇంకోచోట. అచ్చం నాన్నే. (ఆయన ఇది చదువుతారని తెలిసే రాస్తున్నాను.)

ఇంకో తిక్క కూడా ఉంది. ప్రతి స్వరమూ తన ముందున్నదాన్ని చూసి, దానికి దగ్గరగా కూర్చుంటుంది. బాగా కిందికి దించాలంటే పక్కన కామా పెట్టాలి. ఆ కామా ఉన్న స్వరాన్ని చెరిపేశామా, వెనకున్నవన్నీ పై స్థాయిలోనే ఉండిపోతాయి.

నాన్న కొత్త పాట కడుతున్నారు. గాయక బృందాన్ని కుర్రాళ్లకు వదిలేశారు, ఓపిక లేదంటారు. పొద్దున్నే కుర్చీ లాక్కుని, ఇదివరకులా పక్కన కాదు, బల్లకి అవతల నాకు ఎదురుగా కూర్చుంటారు. ఒక్కో స్వరమూ చెబుతారు, నేను టైపు చేస్తాను. తల వంచుకుని టైపు చేస్తూనే ఎవరి కోసం ఈ పాట అని అడిగాను. జవాబు లేదు. నాకైతే నీ గొంతు కొలతలకు కుట్టినట్టే ఉంది. నిన్న మధ్యలో ఒక స్వరం బరువుగా ఉంది, తీసెయ్యమన్నారు. తీసి వినిపించాను. కళ్లు మూసుకుని తాళం వేస్తూ, ఇప్పుడు కుదిరింది అన్నారు.

నువ్వు రాసింది చదివి మనసు పాడైంది. ఆ రోజు రిహార్సల్లో శ్రుతి తప్పావని నాన్న అందరి ముందూ కసిరారు. నువ్వు పెట్టె సర్దుకుని వెళ్లిపోయావు. తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తి, ఉలుకూ పలుకూ లేకుండా పెట్టేస్తున్నారనీ, ఇక చెయ్యననీ రాశావు. ఏం చెప్పను? ఆయన పంతం నీకు తెలియనిదా? నువ్వేం తక్కువ తినలేదు. వీలైతే ఒకసారి రా.

నీ మంచే కోరే,
అక్క

తా.క. పై ఉత్తరం నాన్నకు చూపించాను. ఇది మాత్రం పోస్టాఫీసు బల్ల దగ్గర నిలబడి రాస్తున్నాను. నిన్న ఆయన తీసెయ్యమన్న స్వరానికి కామా ఉంది. నేను చూసుకోలేదు. వినిపిస్తే పాట సగం నుంచి ఈలలా కీచుమంది, నేనే చెవులు మూసుకున్నాను. దాన్నే ఆయన కుదిరింది అన్నారు. పాట ఆగిపోయాక కూడా ఆయన చెయ్యి తొడ మీద తాళం వేస్తూనే ఉంది.

పిచ్చుకా, నాన్నకు వినపడటం లేదే. నా పెదాలు చూసి బదులిస్తున్నారు, అందుకే ఎదురుగా కూర్చుంటున్నారు. ఎప్పటి నుంచో ఏమో. నాకు తెలిసిపోయిందని ఆయనకు తెలియనివ్వలేదు, ఆ కామాను తర్వాతి స్వరానికి పెట్టేసి ఊరుకున్నాను. బయటపడితే తట్టుకోలేరు. నీ నంబరు వెలగగానే ఆదరాబాదరాగా వచ్చి ఫోన్ ఎత్తుతారు. చెవికి అదుముకుని అలా నిలబడిపోతారు. అది కోపమనుకున్నాను నేను కూడా.

ఆ రోజు నీ శ్రుతి తప్పలేదు. ఇక ఫోన్ చెయ్యకు. వచ్చి, మొహం కనపడేలా ఆయన ఎదురుగా కూర్చుని ఆ పాట పాడు.