గేటు నుంచి గుమ్మం దాకా

విజయనగరం

ప్రియమైన బావకి,

నీ ఫోను నడిసముద్రంలో మూగబోయి కూర్చుంది కాబట్టి సరుకుల బోటుని నమ్ముకుని రాస్తున్నాను. నేనూ దేవీ బాగానే ఉన్నాం. కొత్త బళ్ళో పిల్ల ఏడవకుండా కూర్చుంటోంది. ఇంటి పనులన్నీ అయిపోయాయి, గేటు నుంచి పోర్టికో దాకా దారి ఒక్కటే మిగిలింది. దానికి ఏం వెయ్యాలో తేల్చమని మేస్త్రి సోములు రోజూ ప్రాణం తీస్తున్నాడు. పాలిష్ టైల్స్ వేస్తే అద్దంలా మెరుస్తుందట. నా భయం అదే. మొన్న వానకి పక్క వీధిలో అలాంటి టైల్స్ మీదే ఒకావిడ జారి తుంటి విరగ్గొట్టుకుంది. మన దేవికి నడక రాదు, ఎప్పుడూ పరుగే. పేవర్ బ్లాకులైతే సందుల్లో గడ్డి మొలిచి పాములు చేరతాయంటున్నారు. సిమెంటు పోయిస్తే ఎండలో కాలు పెట్టలేం.

అసలు భయం వేరే ఉంది బావా. అత్తనీ మరిది పోతురాజునీ భోగాపురం దగ్గర పేటలో వదిలేసి, దేవి చదువు కోసం ఇక్కడ ఇల్లు కట్టుకున్నాం గానీ, ఈ లేఅవుట్లో ఇళ్ళకంటే ఖాళీ స్థలాలే ఎక్కువ. మట్టి మీద ఎవరు నడిచొచ్చినా వినపడదు. నిన్న పట్టపగలు పప్పు రుబ్బుతూ తల తిప్పేసరికి కిటికీ దగ్గర మనిషి. కరెంటు మీటరు చూడ్డానికొచ్చినాయనే, అయినా నా గుండె చాలాసేపు చోటికి రాలేదు. ఇక టీవీలో వాయుగుండం అన్నారంటే అన్నం సహించదు. అక్కడ గాలెలా ఉంది? నిజం రాయి.

నీ
అనూరాధ

*

బార్జి మీద నుంచి

ప్రియమైన అనూకి,

ఇక్కడ గాలి మనింటి ఫ్యాను గాలిలాగే ఉంది. నాకేం భయం లేదు, నువ్వూ పడకు. నూనె బావి పక్కన లంగరేసుకుని నిలబడ్డ బార్జి ఇది, మన పేట తెప్ప కాదు. వంటగదిలో గరిటె పట్టుకున్నవాడికి సముద్రంతో పనేముంది? నిన్న చేపల పులుసు పెడితే పంజాబువాళ్ళు కూడా మూకుడు ఊడ్చేశారు.

దారికి కంకర పోయించు. సన్న కంకర, దట్టంగా, గేటు బయట రోడ్డంచు దాకా. కుక్క అడుగు పెట్టినా కరకరమంటుంది, నీకు ఇంట్లోకి వినిపిస్తుంది. దేవి పడితే మోకాలు గీసుకుంటుందేమో గానీ తుంటి విరగదు. వాన నీళ్ళు కూడా ఇంకిపోతాయి. షోకుగా లేదని అమ్మ ఏమైనా అంటే తిట్లన్నీ నాకు దాచిపెట్టమను.

నీ బావ
నాగబాబు

*

విజయనగరం

ప్రియమైన బావకి,

కంకర పోశారు. సోములు మొహం మాడ్చుకున్నాడు. "ఏటమ్మా, ఇంత ఇల్లు కట్టి ముందల రైలు పట్టాల్నాగ సేసినావు" అన్నాడు. నువ్వు చెప్పినట్టే అన్నీ వినిపిస్తున్నాయి. వచ్చిన చిక్కంతా అదే. ఇదివరకు వినపడక భయం, ఇప్పుడు వినపడి భయం. పాలాయన అడుగు పెట్టినా, పిల్లి దూకినా, కొబ్బరిమట్ట రాలినా నీ కంపెనీ మనిషే ఏదో వార్త పట్టుకొచ్చాడనుకుంటాను. చేతిలో పని అక్కడే వదిలేసి నిలబడిపోతాను.

ఇంకోటి, కంకర మీద ముగ్గు నిలవడం లేదు. పిండంతా రాళ్ళ మధ్యకి జారిపోతోంది. గుమ్మం దగ్గర గచ్చు మీద చిన్నది వేసి సరిపెడుతున్నాను. రోడ్డు మీదవాళ్ళకి కనపడదనుకో, దేవుడికి కనపడితే చాలు.

తుఫానుకి పేరు పెట్టేశారట. ఈసారి బోటులో నీ ఉత్తరం రాలేదు. ఒక్క ముక్కైనా రాయి బావా.

నీ
అనూరాధ

*

విజయనగరం

ప్రియమైన బావకి,

నువ్వు క్షేమమని ఆఫీసువాళ్ళు చెప్పారు. నమ్మాను.

తుఫాను తీరం దాటిన మర్నాడు దేవికి జడ వేస్తున్నాను. కంకర మీద చప్పుడైంది. ఒకరిది కాదు, బోలెడు కాళ్ళు. కిటికీలోంచి చూస్తే అత్త, జుట్టు విరబోసుకుని, పోతురాజు భుజం మీద పడి నడుస్తోంది. వెనక పేటలోని ఆడవాళ్ళంతా ఉన్నారు. నన్ను చూడగానే అత్త "నా కొడకా" అంటూ కంకరలో కూలబడింది.

ఇంకేం అడగను? రేవులో ముందే తెలిసి ఉంటుంది, నాకు చెప్పడానికి వచ్చారనుకున్నాను. నేనూ కూలబడ్డాను. వాళ్ళు నన్ను పట్టుకుని ఏడ్చారు, నేను వాళ్ళని పట్టుకుని ఏడ్చాను. ఆ మాట మాత్రం ఒక్కరూ నోటితో అనలేదు, మనవాళ్ళు అనరు కదా. ఎవరో వెళ్ళి పొయ్యి ఆర్పేశారు. ఎవరో దేవిని సగం జడతోనే పక్కింటికి తీసుకుపోయారు.

చాలాసేపటికి పోతురాజు మెల్లగా అడిగాడు. "వదినా, కంపినీవోలు ఏటన్నారు? ఎప్పుడు తెస్తారట?"

"నాకేటి తెలుసు? మీకెవులు సెప్పినారు?" అన్నాను.

"మాకెవులూ సెప్పనేదు. సేపల వేనుతో ఇటే ఎల్తా రోజూ సూస్తన్నాను, నీ గేటు కాడ ముగ్గు నేదు. సూస్తే పైన తుపాను. ఫోను సేసి నిన్నేటని అడగను?"

చావింటి ముందే కదా ముగ్గుండదు. ముగ్గు లేదని వాళ్ళు ఏడుస్తూ వచ్చారు, వాళ్ళ ఏడుపు చూసి నేను ఏడ్చాను. అత్త లేచొచ్చి నా చెంప మీద ఒక్కటిచ్చింది. "నా కొడుకుని బతికుండగానే సంపేసినావే గుంటా" అని మళ్ళీ నన్నే కావలించుకుంది. పోతురాజు ఆఫీసుకి ఫోను కలిపాడు. బార్జి భద్రంగా ఉందని తెలిశాక అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఒక్క సంగతి చెప్పకపోతే నాకు ముద్ద దిగేలా లేదు. అత్త కూలబడినప్పుడు, ఏడుపు ఇంకా రాకముందు, నా లోపల ఏదో హమ్మయ్య అంది. ఇక రోజూ భయపడక్కర్లేదు అనిపించింది. రెప్పపాటే. తర్వాత గుండె పగిలింది, దేవి మీద ఒట్టు. కానీ ముందొచ్చింది అదే బావా. నేనెలాంటి మనిషిని?

నీ
అనూరాధ

*

బార్జి మీద నుంచి

ప్రియమైన అనూకి,

నీ ఉత్తరం వంటగదిలో అందరికీ చదివి వినిపించాను. అమ్మ నిన్ను కొట్టిన దగ్గర పడీ పడీ నవ్వారు. చివరి మాటలు కంట పడగానే మడిచి జేబులో పెట్టేసుకున్నాను. తర్వాత సరుకుల గదిలో బియ్యం బస్తా మీద ఒక్కణ్ణే కూర్చుని చదివాను.

నువ్వెలాంటి మనిషివో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అలాంటివాణ్ణే. తుఫాను నాడు లంగరు గొలుసు ఒకటి తెగి బార్జి పక్కకి ఒరిగింది. లైఫ్ జాకెట్లు వేసుకుని, ఇనప కమ్మీలు పట్టుకుని పడుకున్నాం. ఇంకా ఎంతసేపు భయపడాలి, మునిగితే మునగనీ అనిపించింది నాకు. నువ్వూ దేవీ గుర్తొచ్చి పట్టు వదల్లేదని రాస్తే బాగుంటుంది. నిజానికి చేతులు బిగుసుకుపోయి వదల్లేదు. ఈ మాట ఇక్కడ ఎవరితోనూ అనలేదు. నాకేం భయం లేదని నీకు రాసిన ప్రతిసారీ అబద్ధమే రాశాను. ఆ తుఫాను బోటులో ఉత్తరం పంపనిది కూడా, అలాంటి అబద్ధం ఇంకొకటి రాయడం చేతకాకే.

పని మానేస్తున్నానని కాగితం ఇచ్చేశాను. నా బదులు మనిషి రాగానే బయల్దేరతాను. దారికి సిమెంటో టైల్సో ఏదో ఒకటి నేనొచ్చాక వేయిద్దాం, అప్పటిదాకా సోములుని ఓపిక పట్టమను. పని సంగతి అమ్మకి మాత్రం ఇప్పుడే చెప్పకు, వచ్చి నేనే చెప్పుకుంటాను.

ఒడ్డున ఏం చేసి బతకాలో ఇంకా తెలియదు. అది తలుచుకున్నా భయంగానే ఉంది. ఆ భయమేదో ఒకే ఇంట్లో కూర్చుని ఇద్దరం కలిసి పడదాం.

నీ
నాగబాబు