మూట కట్టిన కుడుములు

ఆర్మూర్,
14 మార్చి 1994.

వేల్పూర్ నడిపయ్య పటేల్ గారికి,

ఆర్మూర్ బస్టాండు ఎదురుగా కొత్తగా చైనా కుడుముల హోటల్ పెట్టిన గంగాదాస్ నమస్కారాలు. ఇక్కడ మేం బాగున్నాం. మీరు బాగున్నారని నిన్న మీ వేళ్ల బలం చూసి తెలుసుకున్నాను.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, తప్పుంటే దిద్దండి. నిన్న ఆదివారం మధ్యాహ్నం మీరు నలుగురిని వెంటబెట్టుకొని వచ్చి ఒక ప్లేటు తెమ్మన్నారు. తెచ్చాను. మీరు ఒక కుడుము తీసి రెండు బొటనవేళ్లతో నడుమకు విరిచారు. లోపలికి చూశారు, వాసన చూశారు. కైమాను వేళ్ల మధ్య నలిపి, వెలుతురుకు పెట్టి చూసి, తువ్వాలకు తుడుచుకున్నారు. తినలేదు. తర్వాత లేచి పక్క టేబుల్ దగ్గరికి పోయారు. అక్కడ మాక్లూర్ బడి సారు తింటున్నారు. "జర జరుగు సారూ" అని ఆయన ప్లేటులోది కూడా ఒకటి విరిచారు. ఆయన మీ ముఖం చూసి, కుడుము ముఖం చూసి, చెంచా కింద పెట్టి వెళ్లిపోయారు. ఆ తర్వాత మీరు వంటింట్లోకి వచ్చి, పొయ్యి మీది వెదురు బుట్టల్లో అన్నిటికంటే అడుగు బుట్టలో చెయ్యి పెట్టారు. ఇంకొకటి విరిచారు. చివరికి అదే బుట్టలోంచి గుప్పెడు కుడుములు తీసి తువ్వాల కొంగున మూట కట్టుకొని, నావైపు చూసి ఒక్కసారి తలూపి బస్సెక్కారు. మీ వెంట వచ్చిన నలుగురూ ఏమీ తినకుండానే మీ వెనుక పోయారు.

పటేలా, మాది మగ్గం ఇల్లు. పదిహేడేళ్లకే దుబాయ్ పోయాను. అక్కడ ఒక చైనా ఆయన వంటింట్లో పని నేర్చుకున్నాను. కుడుము విరిస్తే ఆవిరి పోతుంది, రసం పోతుంది, మిగిలేది పిండి మాత్రమే అని ఆయన మొదటిరోజే చెప్పాడు. దాన్ని మొత్తంగా నోట్లో పెట్టుకోవాలి. ఇన్నేళ్లకు ఇంటికి వచ్చి, నా భార్య రత్నవ్వతో కలిసి ఈ హోటల్ పెట్టాను. నడిస్తే ఇక్కడే ఉంటాను. నడవకపోతే ఉగాదికల్లా మళ్లీ దుబాయ్ పోవాలి. నిజామాబాద్ ఏజెంటు వీసా పట్టుకొని కూర్చున్నాడు. అందుకే అడుగుతున్నాను. ఈసారి వస్తే దయచేసి తినండి, విరవకండి.

ఇట్లు,
గంగాదాస్.

తా.క.: మాక్లూర్ సారు తన కళ్లజోడు ఇక్కడే మరిచిపోయారు. మీరు విరిచినప్పుడు రసం చిందిన అద్దం తుడిచి పెట్టాం. బస్సులో ఆయన ఎదురైతే చెప్పండి. కళ్లజోడు లేదు కాబట్టి మిమ్మల్ని గుర్తుపట్టరు, భయపడకండి.

* * *

వేల్పూర్,
18 మార్చి 1994.

గంగాదాస్‌కు నడిపయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అంతా సరిగ్గా రాశావు, దిద్దడానికి ఏమీ లేదు.

సరుకు బాగుంది. పైన ఎట్లా ఉందో అడుగున కూడా అట్లాగే ఉంది. ఇది చిన్న సంగతి కాదు. పసుపు కుప్పకు పైన లావు కొమ్ములు పేర్చి, అడుగున పుచ్చువి దాచేవాళ్లను చాలామందిని చూశాను. అందుకే నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు కొనేవాళ్లు ఎవరూ కొమ్ము విరవకుండా బేరం చెయ్యరు. పైపొట్టు చూసి లోపలి రంగు చెప్పే మొనగాడు ఇంకా పుట్టలేదు. నీ కుడుముకు కూడా పొట్టు ఉంది కదా. నేను ఇన్నేళ్లూ నా కుప్ప ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాను. వచ్చినవాడల్లా నా కొమ్ములు విరిచి పెదవి విరిచి పోయేవాడు. విరిచే వైపు నిలబడటం మొన్ననే మొదటిసారి. నాకు బాగానే అనిపించింది.

నేను మూట కట్టాను కాబట్టి ఇక నువ్వు దీన్ని వేరేవాళ్లకు చూపెట్టకు. మా ఊరివాళ్లకు కూడా చెప్పాను, గంగాదాస్ హోటల్ జోలికి పోవద్దని. మిగతా లెక్క ఏప్రిల్ మూడో తారీకు ఆదివారం నాడు నువ్వూ నేనూ తేల్చుకుందాం.

ఉంటాను,
నడిపయ్య.

తా.క.: నీ అడుగు బుట్టలో పెట్టిన చేతికి బొబ్బలు లేచాయి. ఇన్నేళ్లలో యార్డులో ఏ కుప్పా నన్ను కరవలేదు.

* * *

ఆర్మూర్,
22 మార్చి 1994.

నడిపయ్య పటేల్ గారికి గంగాదాస్ నమస్కారాలు.

మీ ఉత్తరం ఒకటికి రెండుసార్లు చదివాను. రెండుసార్లూ అదే అర్థం వచ్చింది.

వేరేవాళ్లకు చూపెట్టొద్దన్నారు. హోటల్ అన్నాక చూపెట్టక దాచిపెడతామా? మీ ఊరివాళ్లను రావద్దన్నారని మీ చేతితో మీరే రాశారు. ఆ మాట నిజమేనని ఇక్కడ కూడా తేలింది. వేల్పూర్ బస్సు మా ఎదుటే ఆగుతుంది. మీవాళ్లు దిగుతారు, మా హోటల్ వైపు చూస్తారు, తల తిప్పుకొని పోతారు. మీ ఊరి చంద్రయ్యను ఆపి, ఒక్కటి తిని చూడమని బతిమాలాను. "నడిపయ్య పటేల్ చెయ్యి వడ్డంక మేమెట్ల ముట్టుకుంటమన్నా? తప్పు గాదా?" అన్నాడు. మీ ఊళ్లో పెద్దమనుషుల కమిటీ ఉంటుందని, అది వద్దంటే ఎవరూ మాట్లాడరని తెలుసు. కానీ ఒక కుడుము కోసం ఊరు ఊరే కట్టుబడుతుందని తెలియదు.

నేను మీకేం చేశానో నాకు తెలియదు. మీకు కోపం వచ్చినంత మాత్రాన పొయ్యి ఆర్పను. నిన్న తలుపు పక్కన బోర్డు పెట్టించాను: "కుడుములు విరిచి చూడరాదు. తిన్నవారే మాట్లాడవలెను." పెద్ద అక్షరాలతో రాయించాను. బస్సులోంచి కూడా కనబడుతుంది.

ఇట్లు,
గంగాదాస్.

తా.క.: మీ ఉత్తరం రత్నవ్వకు చదివి వినిపించాను. ఆమెది ఇందల్వాయి దగ్గర పసుపు పండించే ఇల్లు. పెద్దమనుషుల మాట ఆమెకు తొందరగా తగులుతుంది. సగంలోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది. భుజాలు కదలడం చూశాను. ఆడవాళ్లను ఏడిపించడం మీ వయసుకు తగదు.

* * *

వేల్పూర్,
27 మార్చి 1994.

గంగాదాస్‌కు,

ఈసారి ఆశీస్సులు లేవు. బోర్డు సంగతి మాకు తెలిసింది.

మూట కట్టకముందు నువ్వు ఏ బోర్డైనా పెట్టుకో, అడిగేవాడు లేడు. మూట కట్టిన తర్వాత విరవొద్దని రాయించావంటే దానికి ఒకటే అర్థం. నువ్వు మాట తప్పుతున్నావు. ఇంకెవరో వచ్చి ఆశపెట్టి ఉంటారు. నేను బేరం చేసి వెనక్కి పోయిన మనిషిని కాను. అవతలివాణ్ని కూడా పోనివ్వలేదు.

ఏప్రిల్ మూడో తారీకున మధ్యాహ్నం ట్రాక్టర్ వేసుకొని వస్తాను. నా వెంట ట్రాలీ నిండా మనుషులు ఉంటారు. నీ హోటల్లో ఉన్నదంతా ఖాళీ చేసే పోతాం. ఒక్క బుట్ట కూడా మిగలనివ్వం. ఆ పూట నువ్వు హోటల్ మూసి ఎటైనా పోతే ఆర్మూర్‌లో నీ మాటకు విలువ ఉండదు. ఇది బాగా గుర్తుపెట్టుకో.

నడిపయ్య.

తా.క.: మీ సందులో ట్రాలీ తిరుగుతుందా? తిరగకపోతే ముందే రాయి. డ్రైవర్ కొత్తవాడు.

* * *

ఆర్మూర్,
30 మార్చి 1994.

నడిపయ్య పటేల్ గారికి,

ట్రాలీ తిరగదు. వెనక్కి రావాలి.

ఇక అసలు మాట. నేను ఎటూ పోను. ఆదివారం కోడి కూయగానే రెండు పొయ్యిలూ వెలిగిస్తాను. మేదరి వాళ్ల దగ్గర ఇంకో డజను బుట్టలు అల్లించాను. అన్నీ నింపుతాను. ఇంట్లో ఉన్న పిండంతా కలుపుతాను, కైమా అంతా కొట్టిస్తాను. మీరు ఖాళీ చేస్తామన్నారు కదా, ఖాళీ చెయ్యడానికి ఏముందో ఆర్మూర్ అంతా చూడాలి. పొగలు కక్కే తిండిని మనుషులు ఎట్లా నేలపాలు చేస్తారో నేనూ గడపలో నిలబడి చూస్తాను.

నిన్న ఏజెంటు మనిషి వచ్చాడు. ఉగాది దగ్గరపడింది, ఏ సంగతో చెప్పమన్నాడు. నాకు తీరిక లేదని పంపేశాను. వేల్పూర్ పటేల్‌తో కొట్లాట ఉంది, పిండి కలపాలి అని చెప్పాను. అతనికి అర్థమైనట్టు లేదు.

ఇట్లు,
గంగాదాస్.

తా.క.: ఠాణాలో ఒక కాగితం ఇచ్చి పెడదామన్నాను. రత్నవ్వ వద్దంది. ఆ తిరుగుడు బదులు ఇంకో బస్తా మైదా తెమ్మంది. ఎందుకంటే, "కొట్లాటల ఆకలైతది" అంది. ఇంత ధైర్యం ఆమెకు ఎక్కడిదో తెలియడం లేదు.

* * *

వేల్పూర్,
1 ఏప్రిల్ 1994.

గంగాదాస్‌కు నడిపయ్య ఆశీస్సులు.

ఇప్పుడు నువ్వు మాట మీద నిలబడే మనిషిలా రాశావు. బోర్డు సంగతి మరిచిపోయాను. నువ్వూ మరిచిపో.

ఆదివారం వస్తున్నాం. మావాళ్లు ఆ రోజు పొద్దున ఏమీ తినకుండా బయలుదేరతామంటున్నారు. అంత పట్టుదలగా ఉన్నారు.

ఉంటాను,
నడిపయ్య.

తా.క.: ముందు దిగేది లసుమవ్వ. కూలీల తరఫున మాట్లాడేది ఆమే. ఆమెతో జాగ్రత్త. ఆమెకు నేనే భయపడతాను.

* * *

ఆర్మూర్,
5 ఏప్రిల్ 1994.

పెద్దలు నడిపయ్య పటేల్ గారికి గంగాదాస్, రత్నవ్వ నమస్కారాలు.

ఆదివారం మీరు ట్రాక్టర్ మీదే చాలాసేపు కూర్చున్నారు కాబట్టి గడప దగ్గర జరిగింది మీకు పూర్తిగా తెలియదు. అందుకే రాస్తున్నాను.

ట్రాలీ వెనక్కి వచ్చి ఆగేసరికి నేను రొట్టెల కర్ర పట్టుకొని తలుపులో అడ్డంగా నిలబడ్డాను. ముందు లసుమవ్వ దిగింది. ఆమె వెనుక ఆడవాళ్లు, మగవాళ్లు అంతా దిగారు. అందరి చేతులూ మోచేతుల దాకా పసుపు. ఒక్కొక్కరి చంకలో ఒక్కొక్క స్టీలు పళ్లెం. కొట్లాటకు పళ్లేలు ఎందుకు తెచ్చారో అప్పుడు నాకు తోచలేదు.

లసుమవ్వ నా ముందుకొచ్చి కర్ర వైపు చూసింది.

"గా కర్ర లోపట పెట్టు బిడ్డా. కుడుములు ఏడున్నయ్?"

"ఏం చేస్తరు?" అన్నాను.

"ఏం చేస్తం? తింటం."

తర్వాత ఆమే చెప్పింది. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబోసిన పని అయిపోయినాక మీరు ఏటా కూలీలకు భోజనం పెడతారట. ఏటా అదే అన్నం, అదే పులుసు. ఈ ఏడు కూడా అదే పెడితే వచ్చే ఏడు మీ చేనుకు రామని ఆమె తెగేసి చెప్పిందట. "ఆర్మూర్ల చైనా బువ్వ వచ్చిందంటె గది కావాల్నన్నం. పటేల్ వచ్చి నీ కుప్పంత మాకోసం పట్టిండు. మూట కట్టిండు గదా, నీకెర్క లేదా?" అంది.

నాకు తెలియదు పటేలా. అడుగు నుంచి గుప్పెడు తీసి మూట కట్టుకుంటే కుప్పంతా కొన్నట్టేనని, ఆ తర్వాత ఇంకొకరు దాన్ని ముట్టరని యార్డులో పుట్టి పెరిగినవాళ్లకు తెలుస్తుంది. మగ్గం గుంటలో పెరిగి దుబాయ్‌లో పిండి పిసికినవాడికి ఎట్లా తెలుస్తుంది? ఈ ఒక్క ముక్క మీరు ఏ ఉత్తరంలోనైనా రాసి ఉంటే నాకు ఇన్ని నిద్రలు చెడేవి కావు.

నేను కర్ర గోడకు ఆనించాను. పక్కకు తిరిగి చూస్తే ట్రాలీ అవతల సందు పొడుగునా చాపలు పరిచి ఉన్నాయి. పక్కనే నాలుగు కడవల నీళ్లు, గ్లాసులు. నేను పరచలేదు. మావాళ్లెవరూ పరచలేదు. రత్నవ్వ లసుమవ్వను చెయ్యి పట్టుకొని తీసుకుపోయి మొదటి చాప మీద కూర్చోబెట్టింది.

మీరన్నట్టే ఒక్క బుట్ట మిగల్లేదు. సందు చివర జనం గుమికూడారు. చివరికి మీరు దిగి వచ్చి ఒక కుడుము చేతిలోకి తీసుకున్నారు. మీ బొటనవేళ్ల వైపే చూస్తూ నిలబడ్డాను. మీరు దాన్ని మొత్తంగా నోట్లో పెట్టుకున్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. వేడికేనని నాకు తెలుసు. "ఇంకోటి తే" అన్నారు. నిన్నా ఇవాళా వేల్పూర్ బస్సు దిగినవాళ్లు నేరుగా మా హోటల్‌కే వస్తున్నారు. మాక్లూర్ సారు కూడా వచ్చి కళ్లజోడు పెట్టుకొని తిన్నారు.

ఆదివారం పొద్దుగూకే వేళ గిన్నెలు తోముతున్న రత్నవ్వ దగ్గర కూర్చొని అడిగాను.

"చాపలు ఎప్పుడు తెచ్చినవ్?"

"శనివారం."

"అంటే నీకు ముందే ఎర్కనా?"

"పటేల్ మూట కట్టిననాడే ఎర్క. మా నాయిన పసుపు గట్లనే పట్టుకపోయేటోళ్లు."

"మరి నాకెందుకు చెప్పలే?"

ఆమె చేతిలో ఉన్న గిన్నె కడిగి, బోర్లించి, అప్పుడు చెప్పింది.

"హోటల్ పెట్టిన కాన్నుంచి రోజూ పొద్దుగాల పెట్టె తెరిచి పాస్‌పోర్ట్ సూసుకుంటుంటివి. పటేల్ తోని లొల్లి మొదలైనంక ఒక్కనాడు తియ్యలే. గా లొల్లి ఆపబుద్ధి కాలే."

ఆమె చెప్పింది నిజమే. మీ ఉత్తరాలకు ఏం జవాబు రాయాలా అని ఆలోచిస్తూ పెట్టె మాటే మరిచిపోయాను. నిన్న నిజామాబాద్ పోయి ఏజెంటుతో రానని చెప్పి వచ్చాను. ఉగాదికి ఇక్కడే ఉంటాను, ఆ తర్వాత కూడా.

మీ ఇంట్లో అందరినీ అడిగానని చెప్పండి. లసుమవ్వకు ప్రత్యేకంగా చెప్పండి.

ఇట్లు మీ
గంగాదాస్.

తా.క.: రత్నవ్వ మీకొక మనవి రాయమంటోంది. వీలున్నప్పుడు రెండు నెలలకు ఒకసారైనా నాకొక ఉత్తరం వెయ్యాలట. సంగతులు ఏవైనా పరవాలేదు గానీ, కాస్త కోపంగా రాయాలట.