ఎడమవైపు వెలుగు

బుఖారా

ప్రియమైన చెల్లాయి మునవ్వర్‌కి,

నీ కూతురు ఓయ్‌దిన్ బాగుంది. డాక్టరు చెప్పినట్టే రోజూ దాన్ని వాకిట్లో ఎండలో కూర్చోబెడుతున్నాను. ఆ వంకర కాళ్లకు కాస్త బలమొచ్చి, నిన్న గోడ పట్టుకుని నిలబడింది! మన వీధిని పడగొడతారని ఊరంతా పుకారు. మీ నగర నిర్మాణ ఆఫీసులో ఏమైనా విన్నావా? మన వాకిలిని సిరాతో గీసి పంపుతున్నాను. ఎలా ఉందో మొహమాటం లేకుండా చెప్పు.

నీ అక్క,
సనోబర్

తాష్కెంట్

ప్రియమైన అక్కా,

మొహమాటం వద్దన్నావుగా, విను. బొమ్మ ఉప్పులేని పులావులా ఉంది. ఎక్కడ చూసినా ఎండే. వెలుగును సిరాతో వెయ్యలేమనీ, కాగితాన్ని వదిలిపెట్టిన చోటే వెలుగనీ నాన్న నీకే కదా ముందు నేర్పింది? చుట్టూ చీకటి లేకపోతే ఆ వెలుగుకు విలువేముంది? పొద్దువాలాక లోపలి గది వెయ్యి. చెమ్మ పట్టిన గోడ, పొగచూరిన దూలాలు, మంచం మీద ఓయ్‌దిన్. సిరాలో నీళ్లు తక్కువ కలుపు. పుకార్లకేం, నేనుండగా నీకు భయమెందుకు?

నీ చెల్లి,
మునవ్వర్

బుఖారా

ప్రియమైన మునవ్వర్‌కి,

నువ్వు చెప్పినట్టే వేశాను. కిటికీ అంచున ఒక్క గీత మందం కాగితం మాత్రం వదిలాను. ఆ గీత నుంచి గదిలోకి చూస్తుంటే నాకే గుండె బరువెక్కింది. ఓయ్‌దిన్ చూసి, "పెద్దమ్మా, ఇది మనిల్లు కాదు, దెయ్యాల కొంప" అంది. ఎంత నవ్వామో! ఇప్పుడైనా మెచ్చుకుంటావా, పొగరుబోతా?

అక్క సనోబర్

తాష్కెంట్

ప్రియమైన అక్కా,

మెచ్చుకున్నాను. నేనే కాదు, మా ఆఫీసులో పెద్దవాళ్లంతా మెచ్చుకున్నారు. నీ బొమ్మను కమిటీ ముందు పెట్టాను. "ఇందులో మనుషులుంటున్నారా?" అన్నాడు అధ్యక్షుడు. వీధి పడగొట్టడానికి అప్పుడే సంతకం పెట్టాడు. అక్కడ కట్టేది నేను గీసిన భవనం. ముందే చెబితే నువ్వు ఎండ తప్ప ఇంకేం గీసేదానివి కాదు, అందుకే దాచాను. తిట్టుకో, పడతాను. కానీ దీంతో పంపుతున్న నా డ్రాయింగు చూడు, ప్రతి బాల్కనీ మీద తెల్లటి వెలుగే. ముందువైపు మంచి గది ఓయ్‌దిన్‌కే రాయించాను. రేపు నువ్వే నన్ను దీవిస్తావు.

మునవ్వర్

బుఖారా, కొత్త భవనం

ప్రియమైన మునవ్వర్‌కి,

రెండున్నరేళ్లు నీకు ఉత్తరం రాయలేదు. రాస్తే శాపనార్థాలే వచ్చేవి. ఇప్పుడవీ రావడం లేదు.

ఇల్లు ఎటు తిరిగి ఉన్నా, బొమ్మలో వెలుగు ఎడమవైపు పైనుంచే రావాలని నాన్న మనిద్దరికీ నేర్పాడు. నువ్వు అలాగే వేశావు. కానీ అది కాగితానికి చెప్పిన మాటే, సూర్యుడు నాన్న దగ్గర చదువుకోలేదు. నీ బాల్కనీలన్నీ ఉత్తరానికి తిరిగి ఉన్నాయి. ఓయ్‌దిన్ గదిలోకి ఏ కాలంలోనూ ఎండ రాదు. కిందికి మోసుకెళ్దామంటే నాలుగో అంతస్తు, నా నడుము పోయింది. దాని కాళ్లు మళ్లీ వంగిపోయాయి. ఇక నిలబడదన్నాడు డాక్టరు.

"ఎండ ఎప్పుడొస్తుంది పెద్దమ్మా?" అని రోజూ ప్రాణం తీస్తుంటే, నీ డ్రాయింగు గోడకు అతికించి, "అదుగో, మీ అమ్మ పంపిన ఎండ" అన్నాను. పిచ్చిది, నమ్మింది. పొద్దున లేవగానే దుప్పటి తీసేసి, కాళ్లు ఆ గోడవైపు చాపుకుంటోంది.

నీ చేత మంచి బొమ్మ అనిపించుకున్న అక్క,
సనోబర్