రూపాయలా, దిర్హాములా?

బుధవారం, కరీంనగర్

దుబాయిలో మా ఆయన ఉండే పనివాళ్ల క్యాంపులోకి ఆడవాళ్లను రానివ్వరట. నేను వెళ్తే మా ఇద్దరికీ హోటల్ గది కావాలి. ఇక్కడే రూపాయల్లో కడితే చవక, కానీ వాపసు రాదు. అక్కడికి పోయాక దిర్హాముల్లో కడితే ఖర్చెక్కువ, అయితే వద్దనుకుంటే మానుకోవచ్చు. ట్రావెల్స్ అతను ఇదంతా చెబుతుంటే తల తిరిగింది.

సాయంత్రం ఆయన ఫోన్ చేస్తే అడిగాను.

"ముందుగాల్ల కట్టకు. ఈడనే దిర్హాములల్ల కడుదాం. నాకు లీవు దొరుకుతదో లేదో," అన్నారు.

"నేను వచ్చుడు నీకు ఇష్టమేనా?"

"గట్లెందుకంటవ్?" అన్నారు. ఇష్టమేనని మాత్రం అనలేదు.

మూడేళ్లయింది ఆయన్ని చూసి. ఆయన ఫికరు పైసల గురించా, నేను వస్తున్నందుకా? రేపే రూపాయల్లో కట్టేస్తే రావద్దని అనలేరు. కానీ వద్దనలేక రమ్మంటే, వెళ్లి నేనేం చేయను...